రెండో షిఫ్టు

పదకొండోది వంకాయ రంగు శాలువా. మొదటిది ఎవరు కప్పారో అప్పుడే మరిచిపోయాను గాని దాని జరీ అంచు మెడ వెనక గీరుతూనే ఉంది. దానిమీద పది. తీసి పక్కన పెడదామని చెయ్యెత్తితే ఫొటోగ్రాఫరు కిందనుంచి వద్దు వద్దని చెయ్యి ఊపుతాడు, ఒక్క నిమిషం మేడం, ఇటు చూడండి మేడం, కొంచెం నవ్వండి మేడం. నవ్వుతున్నాను. పొద్దున పదకొండింటి నుంచి నవ్వుతున్నాను, ఇప్పుడు ఒంటిగంటా నలభై, దవడలు నొప్పెడుతున్నాయి. పలాసలో ఇదే పెద్ద కల్యాణ మండపమట, నన్ను తీసుకొచ్చి పెళ్ళికూతురి కుర్చీలో కూర్చోబెట్టారు, ఎర్ర మఖమలు, చేతులు ఆనించుకునే చోట రెండు నెమళ్ళు, కుడివైపు నెమలికి ముక్కు విరిగిపోయింది, ఆ విరిగిన చోట నా వేలు దానంతట అదే తడుముతూ కూర్చుంది. వెనక ఫ్లెక్సీలో నా ఫొటో పన్నెండేళ్ళ కిందటిది, జుట్టు నల్లగా, మొహం నున్నగా, కింద బంగారు రంగు అక్షరాలతో ఉద్దానం అమ్మ డాక్టర్ ప్రమోదిని గారికి పదవీ విరమణ సన్మానం. అమ్మనట. ఎవరడిగారు వీళ్ళని? మైకు దగ్గర తారకేశ్వరరావు, మా ఉద్యోగుల సంఘం కార్యదర్శి, పెళ్ళిళ్ళలో, ఆఫీసర్ల ఇళ్ళ గృహప్రవేశాల్లో ఇదే గొంతు, నిస్వార్థ సేవకు నిలువెత్తు రూపం అంటున్నాడు. ఇదే మనిషి నేను రక్తపరీక్షల బండికి డీజిలు అడిగితే నెలల తరబడి ఫైలు కింద ఫైలు పెట్టి దాచాడు. నిలువెత్తు రూపం. చప్పట్లు కొట్టండి అంటే కొడుతున్నారు.

ముప్పైనాలుగేళ్ళు అని ప్రతివాడూ మొదలుపెడుతున్నాడు, ఆ ముప్పైనాలుగేళ్ళలో ఏముందో ఒక్కడికీ తెలియదు. నేను చెప్పనా? వజ్రపుకొత్తూరు దారిలో జీపు ఇసకలో దిగబడిపోతే దిగి తోయడం ఉంది. ఎక్కడెక్కడి నుంచో పెద్ద పెద్ద బృందాలు వచ్చి నూతి నీళ్ళు సీసాల్లో పట్టుకోవడం ఉంది, మట్టి తీసుకెళ్ళారు, బియ్యం తీసుకెళ్ళారు, ఎండుచేప తీసుకెళ్ళారు, మనుషుల రక్తం ట్రేలకి ట్రేలు తీసుకెళ్ళారు, ఏం తేలిందని నేను ఉత్తరాలు రాస్తే జవాబు రాసినవాళ్ళు ఎంతమంది, ఒక చేతి వేళ్ళు ఎక్కువ. మా కిడ్నీలు ఎందుకు పోతున్నాయి డాట్రమ్మా అని గుమ్మంలో నిలబడి అడిగినవాళ్ళకి ఇన్నేళ్ళూ నేను చెప్పింది ఒకటే, ఇంకా తెలియదు. సంబంధం చెడిపోతుందని అక్క బదులు చెల్లెలు వచ్చి అక్క పేరు చెప్పి రక్తం ఇచ్చిపోయిన ఊళ్ళు ఉన్నాయి, నేను మొహం గుర్తుపట్టి కూడా తలవంచుకుని రాసుకున్నాను. ఇవన్నీ సేవేనా? ముందు వరసలో రమణమూర్తి, నా భర్త, తెల్లచొక్కా గుండీలన్నీ పెట్టుకుని నోరు కొంచెం తెరిచి నిద్రపోతున్నాడు. ఈ హాలు మొత్తంలో నాకు కోపం రానిది ఆయనమీదే. ఇంట్లో రాత్రి అన్నాడు, రేపట్నుంచి ఇద్దరం ఒకేసారి అన్నం తిందాం అని, అంతే, సన్మానపత్రం లేదు, ఏమీ లేదు.

నా ముందు బల్లమీద కొబ్బరి బొండం పెట్టారు, పైన చెక్కి, స్ట్రా గుచ్చి. గొంతు ఎండిపోయి ఉంది. అయినా ముట్టుకోను. పక్క గుమ్మం అవతల, వరండాలో, బొండాల కుప్ప పక్కన కత్తి పట్టుకుని దాలమ్మ కూర్చుంది. అక్కుపల్లి దగ్గర ఆవిడ కొబ్బరి తోట. తుపానుకి చెట్లన్నీ పడిపోతే మళ్ళీ మొక్కలు వేసి ఒంటిచేత్తో పెంచింది, డెబ్బై దాటింది, ఇవాళ ఆటో నిండా వేసుకుని తెల్లారకుండానే వచ్చేసిందట, మా డాట్రమ్మ సభకి వచ్చినోల్లు ఒక్కరు కూడా నోరెండి ఎల్లకూడదు అందట. ఒక్కో బొండం చెక్కి తల ఎత్తి నావైపు చూస్తుంది. నేను తాగానా లేదా అని. ఏటా రెండుసార్లు బస్తా పంపుతుంది ఇంటికి. ఏటా రెండుసార్లు ఆ బస్తా చూసి నేను వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంటాను. ఒక్కటంటే ఒక్కటి నా గొంతు దిగలేదు. జీపు డ్రైవరు తీసుకుపోయేవాడు, వాళ్ళింట్లో పిల్లలు తాగేవారు, ఆ తర్వాత వచ్చిన డ్రైవరూ అంతే. ఆవిడకి తెలియదు. ఆవిడకి తెలియనిది అదొక్కటే అయితే బాగుండును.

చూపు అక్కడనుంచి తప్పించుకుందామని జనంవైపు తిప్పాను. అంగన్‌వాడీ వాళ్ళు, ఆశా కార్యకర్తలు నీలం చీరల్లో, నందిగాం నుంచి వచ్చిన నర్సులు, మూడో వరసలో రాజులమ్మ. రాజులమ్మ. పక్కన ఇంకో ఐదుగురు, వరసగా, ఒళ్ళో ప్లాస్టిక్ కవర్లలో ఫైళ్ళు, ఎడంచేతిమీద తువ్వాళ్ళు కప్పుకుని. ఆ తువ్వాళ్ళ కింద ఏముందో నాకు తెలుసు, సూదులు గుచ్చీ గుచ్చీ తాడులా ఉబ్బిన నరం. ఇవాళ మంగళవారం. మంగళ, శుక్రవారాలు వీళ్ళది రెండో షిఫ్టు. పన్నెండుకి డయాలసిస్ మిషను మీద పడుకుని నాలుగు గంటలు రక్తం కడిగించుకోవలసిన మనుషులు ఇక్కడ ఎర్రగుడ్డ తొడిగిన కుర్చీల్లో కూర్చుని నా గురించి చప్పట్లు కొడుతున్నారేమిటి? రాజులమ్మ మొహం ఉబ్బి ఉంది, కళ్ళు చిన్నవైపోయాయి. జీడిపిక్కలు కొట్టే బట్టీలో పాతికేళ్ళు చేసిన మనిషి, ఆ వేళ్ళ నలుపు ఇంక పోదు, ఆ నల్లటి వేళ్ళతోనే చప్పట్లు. పోయిన శుక్రవారం నీళ్ళు శుద్ధిచేసే యంత్రం మొరాయించి రెండు గంటలకే ఆవిడని దించేశారు. అంటే సగమే. అంటే ఇవాళ కూడా లేకపోతే మళ్ళీ శుక్రవారం దాకా, ఆ ఒంట్లో చేరిన నీళ్ళతో, విషంతో, వారం.

పన్నెండో శాలువా పట్టుకుని మెట్లెక్కింది వనజ. మా డయాలసిస్ కేంద్రం హెడ్ నర్సు, నా చేతికింద పద్దెనిమిదేళ్ళు, కనకాంబరాలు పెట్టుకుంది, కళ్ళనిండా నీళ్ళు. శాలువా కప్పుతుంటే మణికట్టు పట్టుకున్నాను.

"వనజా, రెండో షిఫ్టు వాళ్ళు ఇక్కడెందుకున్నారు?"

"అందరూ వచ్చేరు మేడం! ఆ షిఫ్టు ఆపేసేం గదా ఇవాల్టికి. మీ సభ మల్లీ వత్తాదా ఏటి? టెక్నీషియన్లు కూడా మేమూ రావాలని ఒకటే గోల. నానే సెప్పేను, మేడం గురించి ఒక్క రోజు, అందరం ఎల్దుం, సుక్కరారం సర్దేద్దుం అని. రాజులమ్మక్క అయితే సంబరం, ముందే బస్సెక్కి కూసుంది."

"వాళ్ళని తీసుకుపో. ఇప్పుడే."

"ఇప్పుడా? గేటుకడ్డంగా ముఖ్య అతిథిగారి కార్లు పెట్టేసేరు మేడం. ఆయన మాటాడేసేక ఎల్దుం, ఒక్క అరగంట. మీరు టెన్షనవకండి, ఫొటో సూడండి ఇటు."

ప్రేమ. దీన్నే ప్రేమంటారు. పద్దెనిమిదేళ్ళు నేను నేర్పిన మనిషి, అర్ధగంట ఆలస్యమైతే రోగి కాళ్ళు నొక్కి చూసే మనిషి, నామీద ప్రేమతో ఎనిమిది మిషన్లు కట్టేసి పూలు పెట్టుకుని వచ్చింది. తిట్టడానికి నోరు రాదు, ఊరుకోవడానికి చేతకాదు. ముఖ్య అతిథి లేచాడు. రెండుగంటలు ఆలస్యంగా వచ్చినవాడు తొందరగా ముగిస్తాడా, గొంతు సవరించుకుని నా చిన్నతనం నుంచి అని మొదలుపెట్టాడు, నా చిన్నతనం కాదు, తన చిన్నతనం. ఒంటిగంటా యాభై. ఇప్పుడు లేచి బస్సెక్కిస్తే కేంద్రానికి ఇరవై నిమిషాలు, మిషన్లు సిద్ధం చెయ్యడానికి అరగంట, మూడింటికి ఎక్కిస్తే ఏడు. మూడో షిఫ్టు వాళ్ళు వచ్చి ఉంటారు, వాళ్ళని వెనక్కి జరపాలి, చెయ్యొచ్చు, కష్టం గాని చెయ్యొచ్చు. రెండున్నర దాటితే చెయ్యలేం. లేవాలి. లేవవేం? ఎన్ని వేదికల మీద ఇలా కూర్చున్నాను, ఈయన అయ్యాక చెబుదాం, ఆయన అయ్యాక చెబుదాం అని, నీళ్ళ ట్యాంకరు ప్రారంభానికి, శిబిరం ప్రారంభానికి, నిమ్మాడలో ఒకసారి వానలో పందిరి కింద, చెప్పవలసిన మాట నాలుక కింద పెట్టుకుని, చివరికి వందన సమర్పణ, జనగణమన, టీ. మంచి మేడం, ఎదురు చెప్పదు, అందుకే కదా పన్నెండు శాలువాలు.

ఆ మొదటిసారి మాత్రం నేను ఊరుకోలేదు. ఆ మొదటిసారి నేను చెప్పాను, గట్టిగా, ధీమాగా, ఇరవయ్యేడేళ్ళ కిందట. అప్పుడు నేను చిన్న ప్రాథమిక కేంద్రంలో డాక్టరుని, స్టెతస్కోపు మెడలో వేసుకుని నడవడం అంటే ఇష్టం. మల్లేశ్వరరావు వచ్చాడు, దాలమ్మ భర్త, సైకిలు మీద, కొబ్బరి దింపు మధ్యలో ఆపేసి, మోకాళ్ళ దాకా లుంగీ. ఒంటేలు మంటగా ఉందమ్మా, తక్కువొత్తంది, కాల్లు బరువు. పాదం మీద నొక్కితే గుంట పడింది. చూశాను. ఒంట్లో నీరు నిలిచిందని చెప్పే ఆ గుంటని చూశాను. మా కేంద్రంలో మూత్రపిండాల పరీక్ష లేదు, టెక్కలి పంపాలి, టెక్కలికి పంపితే ఒక రోజు కూలి పోతుంది, ఎండాకాలం, ఎండలో చెట్లెక్కే మనిషి, ఒంట్లో నీళ్ళు తగ్గాయి అనుకున్నాను. తోట నీదే కదా, రోజుకి నాలుగు బొండాలు తాగు, బాగా తాగు, వేడి తగ్గిపోతుంది అన్నాను. పుస్తకంలో ఉంది. నేను చదివాను, మార్కులు కూడా వచ్చాయి. కిడ్నీలు పనిచేసేవాడికి ఆ నీళ్ళంత మంచివి లేవు, పనిచెయ్యనివాడికి అందులో ఉన్న పొటాషియం రక్తంలో పేరుకుని గుండెనే ఆపేస్తుంది. నవ్వాడు. ఇదేటమ్మా మందు సేదుగా ఉంతాదనుకున్నాను అన్నాడు. పదకొండో రోజున తోటలో, తాగిన బొండం పక్కనే, చేతిలో కత్తి చేతిలోనే ఉండగా. గుండెపోటన్నారు అందరూ. నేనూ అన్నాను. దాలమ్మ ఏడుస్తూ నా చేతులు పట్టుకుని, నువ్వు సెప్పినట్టే సేసేడమ్మా, ఒక్క రోజు మానలేదు, అయినా ఆయుస్సు లేదు, నీ తప్పేటుంది అంది. నీ తప్పేటుంది. ఆ మాట పట్టుకుని ఇరవయ్యేడేళ్ళు బతికాను. నేను ఊరూరా తిరిగింది, అర్ధరాత్రి ఉత్తరాలు రాసింది, ఎనిమిది మిషన్లకోసం ప్రతి ఆఫీసు గుమ్మం ఎక్కింది, దాన్నంతా వీళ్ళు పొద్దుటినుంచీ మైకులో సేవ అంటున్నారు. సేవ కాదయ్యా. పరుగు. ఆ పాదం మీద గుంటనుంచి పరుగు.

బొండాల ట్రేలు లోపలికి వచ్చాయి. ఆశా అమ్మాయిలు వరసల మధ్య వంగి వంగి అందిస్తున్నారు. మొదటి వరస. రమణమూర్తి ఉలిక్కిపడి లేచి ఒకటి తీసుకున్నాడు. రెండో వరస. ఇవ్వరు, వాళ్ళకి ఇవ్వరు, వాళ్ళు తీసుకోరు, ప్రతి నెలా చెబుతాం కదా, గోడమీద బొమ్మ కూడా వేయించాను, అరటిపండు, బొండం, మామిడిపండు, మీద ఎర్ర గీత. మూడో వరస. రాజులమ్మ చెయ్యి చాపింది, ఆగింది, ట్రే పట్టుకున్న అమ్మాయిని ఏదో అడిగింది. ఆ అమ్మాయి నవ్వుతూ వేదికవైపు, నావైపు, వేలు చూపించింది. తాగండి, మేడం గారివే, అని ఉంటుంది. పెదవులు అలాగే కదిలాయి. రాజులమ్మ నావైపు చూసింది, ఉబ్బిన మొహమంతా విప్పి నవ్వింది, రెండు నల్లటి చేతులతో బొండాన్ని ఎత్తి నాకు దణ్ణం పెట్టింది. రోజుకి అరలీటరు మించి నీళ్ళు ముట్టని మనిషి. మంచుముక్క బుగ్గన పెట్టుకుని బతికే మనిషి. డాట్రమ్మ ఇప్పించింది గనక పరవాలేదు. డాట్రమ్మ తాగమంది గనక. స్ట్రా నోట్లో పెట్టుకుంది.

నేను లేచాను. కుర్చీ వెనక్కి పడిందో లేదో తెలియదు, శాలువాలు జారుతున్నాయి, ఒకటి కాలికి చుట్టుకుంది, నెమలి మీద పట్టు తప్పింది, ముఖ్య అతిథి తన చిన్నతనంలోనే ఇంకా ఉన్నాడు, ఆయన చేతి కిందనుంచి మైకు లాక్కున్నాను. నా జన్మలో ఒకరి చేతిలోంచి లాక్కున్న వస్తువు అదొక్కటే. "డయాలసిస్ వాళ్ళు బొండం తాగొద్దు. కింద పెట్టండి. రాజులమ్మా, ఉమ్మెయ్. రెండో షిఫ్టు వాళ్ళు లేవండి, బస్సెక్కండి. వనజా, టెక్నీషియన్లు బండిమీద ముందు వెళ్ళి మిషన్లు వెయ్యండి. గేటు దగ్గర కార్లు తియ్యాలి, ఎవరివైనా సరే." గొంతు నాదేనా అనిపించింది. హాలంతా నావైపు తిరిగింది. తర్వాత చప్పట్లు కొట్టారు. అవును, చప్పట్లు. చివరి రోజు కూడా విధి నిర్వహణే అని తారకేశ్వరరావు ఇంకో మైకులో అందుకున్నాడు, చూశారా మన మేడం, చూశారా! నేను మెట్లు దిగుతుంటే ఫొటోగ్రాఫరు వెనక్కి నడుస్తూ ఫొటోలు తీస్తున్నాడు. వాణ్ణి పక్కకి తోశాను. నిజంగానే తోశాను, చేత్తో.

"ఎంత తాగావు?"

"ఒక్క గుక్కేనమ్మా."

"రాజులమ్మా. నిజం చెప్పు."

బొండం నా చేతికిచ్చింది. ఊపితే సగం లేదు. "నోరెండిపోనాది," అంది మెల్లగా. "మీరే ఇమ్మన్నారంటే... తప్పేటిలే అనుకున్నాను."

భుజం కింద చెయ్యి వేసి లేపాను. వరండాలోకి వచ్చేసరికి టక్ మని కత్తి దెబ్బ, ఇంకో బొండం పైచెక్క ఎగిరి పడింది. దాలమ్మ తలెత్తింది. నా చేతిలో సగం తాగిన బొండం చూసి మొహం వెలిగింది.

"తాగేవా అమ్మా? లేతవే ఏరేను."

"ఇది నేను తాగింది కాదు. ఇంక కొట్టకు దాలమ్మా. ఈ రోగం ఉన్నవాళ్ళు ఇది తాగకూడదు. తాగితే గుండె ఆగిపోతుంది."

"ఆలకొద్దులే అయితే. మిగతావోల్లకి..." అంటూనే ఆగింది. కత్తి ఆగింది. నా మొహంలోకి చూస్తోంది. ముసలి కళ్ళు, పొర కమ్మినవి, అయినా చూస్తున్నాయి. నేను ఇంకేమీ అనక్కర్లేదు, ఇక్కడితో ఆపెయ్యొచ్చు, బస్సు హారను కొడుతోంది, రాజులమ్మ బరువు భుజం మీద ఉంది, మంచి సాకు. ఇరవయ్యేడేళ్ళూ ఏదో ఒక మంచి సాకు.

"మల్లేశ్వరరావుకీ అదే రోగం," అన్నాను. "నేను గుర్తుపట్టలేదు. బొండాలు తాగమని చెప్పింది నేను. తప్పు నాదే దాలమ్మా. తర్వాత నాకు తెలిసింది. తెలిసీ చెప్పలేదు."

లోపల ముఖ్య అతిథికి మైకు మళ్ళీ దొరికింది. మరువలేని సేవలు అంటున్నాడు. దాలమ్మ కత్తిని మొద్దుమీద అడ్డంగా పెట్టింది. చేతులు చీరకి తుడుచుకుంది, ఒకసారి, మళ్ళీ ఒకసారి.

"ఏటేటా పంపిన బొండాలు ఏటి సేసేవు?"

ఇది అడుగుతుందని అనుకోలేదు. ఎన్నో జవాబులు కూడబెట్టుకున్నాను ఇన్నేళ్ళూ, వేరే ప్రశ్నలకి.

"డ్రైవరుకి ఇచ్చేసేదాన్ని."

తల ఊపింది, లెక్క సరిపోయినట్టు. ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండునని నిలబడ్డాను. బస్సు మళ్ళీ హారను కొట్టింది. కార్లు ఎవరో తీస్తున్నారు, రివర్సు పాట వినబడుతోంది. నేను రాజులమ్మని నడిపించుకుంటూ మెట్లు దిగాను, ఎండ మొహాన కొట్టింది, మిగతా ఐదుగురూ ఫైళ్ళు పట్టుకుని వెనక వస్తున్నారు, ఒకాయన అయితే శాలువాలు ఏరి తెస్తున్నాడు పాపం. బస్సులో ముందు సీటులో రాజులమ్మని కూర్చోబెట్టి ఒక శాలువా మడిచి తలకింద పెట్టి మణికట్టు పట్టుకున్నాను. నాడి నెమ్మదిగా ఉంది. యాభై ఎనిమిది. ఉండవలసినదానికన్నా నెమ్మది. మళ్ళీ లెక్కపెట్టాను. మధ్యలో ఒకటి తప్పిందా, నా భయమా?

బస్సు కదులుతుండగా మెట్టుమీద ఎవరో ఎక్కిన బరువుకి ఊగింది. దాలమ్మ. చెప్పులు లేవు, కత్తి లేదు, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని. నావైపు చూడకుండా రాజులమ్మకి ఎదురుగా కూర్చుని ఆవిడ వాచిన పాదాలు రెండూ ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుంది. పాదం మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. అది మెల్లగా పూడే దాకా చూస్తూ కూర్చుంది.

"నువ్వెక్కడికి దాలమ్మా?" అన్నాను.

"మిసను ఎక్కించిందాకా ఎల్లను," అంది, ఆ గుంటలోకే చూస్తూ. "ఈసారి నాను ఉండి సూత్తాను."

కాశీబుగ్గ రైలు గేటు పడి ఉంటుందేమోనని డ్రైవరు అంటున్నాడు. హారను కొట్టమన్నాను. యాభై ఆరు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెడుతున్నాను.